కౌముది ఎన్‌క్లేవ్‌లో మోటారు బిల్లు

అసిరయ్య పదకొండేళ్ళుగా కౌముది ఎన్‌క్లేవ్‌లో వాచ్‌మన్. ఆ పదకొండేళ్ళూ మోటారు వేస్తూనే ఉన్నాడు గానీ, ఆ పనిని కార్యనిర్వాహక అధికారం అంటారని అతనికి ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే లేచేవాడు, మోటారు గదిలో స్విచ్చు నొక్కేవాడు, మూడు వాల్వులూ తనకి తెలిసిన వరసలో తిప్పేవాడు. ట్యాంకు నిండి నీళ్ళు సన్‌షేడ్ మీద పడే చప్పుడు వినగానే ఆపేసి టీ తాగేవాడు. అంత అధికారం ఒక్క మనిషి చేతిలో ఉండిపోవడం ఎంత ప్రమాదమో తెలీక, జనం కూడా హాయిగా స్నానాలు చేసి ఆఫీసులకి పోయేవారు.

విజయనగరంలో రైలు పట్టాలకి అవతల కట్టిన ఆ అపార్ట్‌మెంటుకి మూడు బ్లాకులు. ఏ బ్లాకులో ఇరవై ఫ్లాట్లు, బీలో పన్నెండు, సీలో నాలుగు. అసోసియేషన్‌కి అంతకుముందు అధ్యక్షుడిగా ఉన్నాయన తన బీ బ్లాకుకి మాత్రం రోజుకి రెండుసార్లు నీళ్ళు వదిలించుకుంటున్నాడని ఒక రోజు బయటపడింది. పెద్ద గొడవైంది. ఆయన ఫ్లాటు అమ్మేసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఖాళీలోకి మండపాక లింగమూర్తి గారు దిగారు.

లింగమూర్తి గారు డిగ్రీ కాలేజీలో ముప్ఫయ్యొక్క ఏళ్ళు రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆయనకి తొలినాటి అమెరికా రాజ్యాంగమంటే ప్రాణం. పరీక్షలో ఆ ప్రశ్న చాయిస్‌లో వదిలెయ్యొచ్చు కనక పిల్లలు దాన్ని ఏటా వదిలేస్తూనే వచ్చారు. 1787 వేసవిలో ఫిలడెల్ఫియా పట్నంలో పెద్దమనుషులు తలుపులూ కిటికీలూ మూసుకుని, చెమటలు కక్కుతూ ఆ కాగితం రాసిన వైనం చెబుతూ ఆయన కళ్ళు ఒత్తుకుంటుంటే వెనక బెంచీల వాళ్ళు కునుకు తీసేవారు. ఇప్పుడు దేవుడు ఆయనకి ముప్ఫయ్యారు ఫ్లాట్ల జనాన్ని ఇచ్చాడు. వాళ్ళు కునుకు తీయకుండా ఉండటానికి నీళ్ళ సమస్య కూడా ఇచ్చాడు.

"అసలు జబ్బు ఒక్కటే," అన్నారాయన సెల్లార్‌లో జరిగిన సర్వసభ్య సమావేశంలో. "నిర్ణయించేవాడు, అమలు చేసేవాడు, తప్పొప్పులు తేల్చేవాడు ఒక్కడే అయితే దాన్ని నిరంకుశత్వం అంటారు. దానికి మందు అధికార విభజన. అమెరికా వాళ్ళు మొట్టమొదట రాసుకున్న ప్రతినే మనం తీసుకుందాం. సవరణలు వద్దు. తర్వాతి వాళ్ళు చేతులు పెట్టి దాన్ని పాడు చేశారు."

నీళ్ళు పోగొట్టుకున్న కోపంలో ఉన్న జనానికి ఆ మాటలు చల్లగా తగిలాయి. చప్పట్లు కొట్టారు. వెనక నిలబడ్డ అసిరయ్యకి ఒక్కటే సందేహం వచ్చింది.

"మరి మోటారు ఎవలేస్తారు బాబూ?"

"ఎవరూ ఒక్కరే వెయ్యలేరు," అన్నారు లింగమూర్తి గారు ఆనందంతో వెలిగిపోతూ. "అదే స్వేచ్ఛ."

రాజ్యాంగ రచనకి తొమ్మిది ఆదివారాలు పట్టింది. జనాభా ప్రకారం సభ్యులుండాలని ఏ బ్లాకు వాళ్ళన్నారు. అలా అయితే తమ నాలుగు ఫ్లాట్ల గొంతు ఎవడు వింటాడని సీ బ్లాకు సన్యాసినాయుడు లేచాడు. ఆయన ఆర్టీసీలో డిపో మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. బస్సులు లేకపోయినా ఆయన గొంతులో డిపో ఇంకా నడుస్తూనే ఉంటుంది. లింగమూర్తి గారు ఆయన్ని ఆపకపోగా మెచ్చుకున్నారు. అప్పట్లో చిన్న రాష్ట్రాల వాళ్ళు కూడా అచ్చం ఇలాగే అలిగారని చెప్పి, అప్పటి రాజీనే ఇక్కడా కుదిర్చారు. కింది సభలో జనాభా లెక్కన ఎనిమిది మందికి ఒక సభ్యుడు. పై సభలో బ్లాకుకి ఇద్దరు, మొత్తం ఆరుగురు. ఏ బిల్లయినా రెండు సభలూ దాటి, అధ్యక్షుడి సంతకం పడితేనే చట్టం.

ఆ తర్వాత అద్దెకున్నవాళ్ళ సంగతి వచ్చింది. వాళ్ళకి ఓటు లేదనే విషయంలో ఎవరికీ పేచీ లేదు. జనాభా లెక్కలో మాత్రం కలుపుకుంటామని, వాళ్ళ వల్ల సభ్యులు పెరుగుతారని ఓనర్లు పట్టుబట్టారు.

"దానికీ దారి ఉంది," అన్నారు లింగమూర్తి గారు. "ఒక్కొక్కరిని అయిదింట మూడు వంతుల మనిషిగా లెక్కిద్దాం. అక్కడ ఈ లెక్క బానిసలకి పెట్టారు. మనకి బానిసలు లేరు కనక అద్దెవాళ్ళకి వర్తింపజేసుకుందాం."

సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. అద్దెవాళ్ళని ఆ సమావేశానికి పిలవలేదు కనక వ్యతిరేకత అన్నది రాలేదు.

సీ బ్లాకు జనాభా పద్నాలుగు. ఇద్దరు సభ్యులు రావాలంటే పదహారు కావాలి. సన్యాసినాయుడు రెండు రోజులు వేళ్ళు మడిచి, మూడో రోజు సీ బ్లాకు మెట్ల కింద గదిలో కాపురముండే అసిరయ్యని కనిపెట్టాడు. అసిరయ్య, పెళ్ళాం పైడమ్మ, ఇద్దరు పిల్లలు. అద్దెవాళ్ళ లెక్కన నలుగురూ కలిసి ఇద్దరు మనుషులూ, ఇంకో మనిషిలో అయిదింట రెండు వంతులూ. సీ బ్లాకు పదహారు దాటింది, రెండో సీటు వచ్చింది. ఆ సాయంత్రం సన్యాసినాయుడే స్వయంగా మైసూర్‌పాకు పొట్లంతో మెట్ల కిందికి వంగి వచ్చాడు.

పైడమ్మకి మైసూర్‌పాకు నచ్చింది గానీ లెక్క నచ్చలేదు.

"నాలుగు పేనాలం రెండున్నరకి కూడా సరిపోనేదేటి మావా? మూడొంతుల మడిసి మోసే బకెట్టు మూడొంతులే నిండాల గదా. మనసేత నిండుది ఎందుకు మోయిస్తన్నారు?"

"అది రాజ్యాంగం. మనకి తెల్దు. ఊరుకో," అన్నాడు అసిరయ్య. కానీ ఆ మాట అతనికి రెండు రోజులు గుచ్చుకుంది.

ఎన్నికలు కూడా అసలు ప్రతి ప్రకారమే జరిగాయి. జనం అధ్యక్షుణ్ణి ఎన్నుకోకూడదట. ఎన్నుకునేవాళ్ళని ఎన్నుకోవాలట. ఆ ఎన్నుకున్నవాళ్ళు తలా రెండు పేర్లు రాస్తే, ఎక్కువ ఓట్లొచ్చినవాడు అధ్యక్షుడు, ఆ తర్వాతివాడు ఉపాధ్యక్షుడు. ఓడించాలని పోటీ చేసినవాణ్ణే గెలిచినవాడి పక్కన కూర్చోబెట్టే ఈ పద్ధతిని అమెరికా వాళ్ళు నాలుగు ఎన్నికలకే మానుకున్నారు. కౌముది ఎన్‌క్లేవ్ మానుకోదలచలేదు.

లింగమూర్తి గారికీ సన్యాసినాయుడికీ ఓట్లు సమానంగా వచ్చాయి. అలాంటప్పుడు కింది సభలో బ్లాకుకి ఒక ఓటు చొప్పున తేల్చాలి. ఏ బ్లాకు లింగమూర్తి గారికి, సీ బ్లాకు సన్యాసినాయుడికి వేశాయి. బీ బ్లాకు నలుగురూ ఇద్దరూ ఇద్దరూగా చీలిపోయారు. పదకొండు సార్లు ఓట్లేసినా తేలలేదు. పన్నెండోసారికి ఆ నలుగురిలో సన్యాసినాయుడి వైపున్న ఒకాయన పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని గుర్తొచ్చి పరిగెత్తాడు. ఆ పాలు పొంగిన పుణ్యాన లింగమూర్తి గారు అధ్యక్షుడయ్యారు. సన్యాసినాయుడు ఉపాధ్యక్షుడై, పై సభకి పెద్దగా కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ లిఫ్టులో కలిసినా మాట్లాడుకోలేదు.

న్యాయమూర్తిగా రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ వరాహలమ్మ గారిని వేశారు. ఆ పదవి సత్ప్రవర్తన ఉన్నంతకాలం, అంటే ప్రాణం ఉన్నంతకాలం ఉంటుందని తెలిశాక ఆవిడకి అప్పటిదాకా ఉన్న మోకాళ్ళ నొప్పులు చాలావరకు తగ్గాయి.

ఇక మోటారు. రోజూ పొద్దున్న ఆరింటికి కింది సభ సెల్లార్‌లో కూర్చుని "నేటి మోటారు బిల్లు" పెట్టేది. పై సభ పేరుకి తగ్గట్టు సీ బ్లాకు డాబా మీద కూర్చునేది. బిల్లు కాగితం పట్టుకుని అసిరయ్య అయిదు అంతస్తులు ఎక్కేవాడు. పై సభ ఒక కామా మార్చేది. అసిరయ్య దిగేవాడు. కింది సభ ఆ కామాని ఖండించేది. అసిరయ్య ఎక్కేవాడు. మోటారు గది తాళం పై సభది, స్విచ్చు అధ్యక్షుడిది, వాల్వులు "కార్యనిర్వాహక శాఖ సిబ్బంది"వి, అంటే అసిరయ్యవి. మొదటిరోజు నీళ్ళు పదకొండున్నరకి వచ్చాయి. జనం దాన్ని కొత్త ప్రభుత్వానికి సహజమైన ఆలస్యం అనుకున్నారు.

నాలుగో రోజు బిల్లు ఆరున్నర నుంచి ఏడింటిదాకా మోటారు వేయడానికి పాసైంది. సంతకాలయ్యేసరికి కరెంటు పోయింది. ఏడు దాటాక వచ్చింది.

"వేసీమంటారా బాబూ?" అన్నాడు అసిరయ్య స్విచ్చు దగ్గర నిలబడి.

"ఏడు దాటాక ఆ చట్టానికి ప్రాణం లేదు," అన్నారు లింగమూర్తి గారు. "కొత్త బిల్లు రావాలి."

"నీళ్ళకి తెల్దు గదా బాబూ, ఏడయిందని."

"అందుకే నీళ్ళకి ఓటు ఇవ్వలేదు."

మూడో వారంలో పై సభ మోటారు బిల్లుకి తోకగా ఇంకో వాక్యం తగిలించింది. సీ బ్లాకు ముందున్న స్కూటర్ల జాగా సీ బ్లాకుదే అని దాని సారాంశం. నీళ్ళొస్తే చాలని కింది సభ కూడా ఒప్పేసుకుంది. లింగమూర్తి గారు ఆ తోకని చూసి బిల్లు మొత్తం తిరస్కరించారు. ఆ తిరస్కారాన్ని కాదని పాస్ చెయ్యాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది కావాలి. పై సభలోనే ముగ్గురూ ముగ్గురూ అయ్యారు. సన్యాసినాయుడు తన ఓటు కూడా వేసి నలుగుర్ని చేశాననుకున్నాడు. ఏడు ఓట్లు పోలయ్యాయి కనక అయిదు కావాలని కొందరు, అసలు ఆయన ఓటే చెల్లదని కొందరు. వరాహలమ్మ గారు తీర్పుని వాయిదా వేశారు.

సోమవారం మోటారు వేయలేదు. మంగళవారం లేదు. బుధవారం జనం బిస్లరీ సీసాలతో మొహాలు కడుక్కుని, అమెరికాలో కూడా మొదట్లో ఇలాగే ఉండేదట అని ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారు.

బీ బ్లాకు మూడో అంతస్తులో హైమావతి అనే పిల్ల, మొగుడూ అద్దెకుంటారు. ఆ పిల్లకి పురుడు వచ్చి పద్దెనిమిది రోజులు. గురువారం తెల్లవారాక ఆమె తల్లి రెండు బకెట్లతో వీధి చివర మునిసిపాలిటీ కుళాయికి పోతూ గేటు దగ్గర ఆగింది.

"పసిగుడ్డు గుడ్డలు మూడు రోజులుగా ఉతకలేదు నాయనా. ఇవాళైనా పాసవుతుందా?"

అసిరయ్యకి కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలీక తన మీదే వచ్చింది. గదిలోకి పోయి, బియ్యం డబ్బా వెనక మేకుకి తగిలించిన రెండో తాళంచెవి తీశాడు. తొమ్మిది ఆదివారాల రాజ్యాంగ రచనలో, మోటారు గదికి ఇంకో తాళంచెవి ఉందా అని ఒక్కరూ అడగలేదు.

"ఉద్యోగం పోద్ది మావా," అంది పైడమ్మ.

"పోద్ది," అన్నాడు అసిరయ్య. వెళ్ళి స్విచ్చు నొక్కాడు.

నలభై నిమిషాలు మోటారు మోగింది. అపార్ట్‌మెంటు మొత్తం ఆ చప్పుడు విని లేచింది. ఒక్కరు కూడా వచ్చి ఇది రాజ్యాంగ విరుద్ధం అనలేదు. ముందు డ్రమ్ములు నింపుకున్నారు, తర్వాత బట్టలు నానబెట్టారు, ఆడా మగా తలంట్లు పోసుకున్నారు. అన్నీ అయ్యాక, తొమ్మిదింటికి, ఉతికిన బట్టలు కట్టుకుని సెల్లార్‌లోకి దిగి అసిరయ్య మీద మహాభియోగం మోపారు.

అభియోగం కింది సభ మోపితే విచారణ పై సభ చెయ్యాలి. వరాహలమ్మ గారు తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని పెద్దగా కూర్చున్నారు. "శాసన సభల ఆమోదం లేకుండా భూగర్భ జలాన్ని పైకి లాగి, అధికార దురాక్రమణకి పాల్పడుట" అని చదివారు. అసిరయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పదకొండేళ్ళలో ఎవరి ఇంట్లో పైపు పగిలినా పరిగెత్తినవాడు. ఇప్పుడు అందరూ తనని కొత్తగా చూస్తుంటే సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"నువ్వు మోటారు వేశావా?"

"ఏసినానమ్మా. నీళ్ళు నేవని ఏసినాను."

"అవసరం అనేది చట్టం కాదు," అన్నాడు సన్యాసినాయుడు.

వరాహలమ్మ గారు తీర్పు మొదలుపెట్టారు. "ఈ చర్య మొదటినుంచీ చెల్లదు. కాబట్టి చట్టం దృష్టిలో ఇవాళ మోటారు వేయలేదు. నీళ్ళు రాలేదు. ఎవరూ స్నానం చేయలేదు."

"మరి నా తల తడిగా ఉంది కదమ్మా," అన్నాడు పై సభలో ఒకాయన.

"చట్టం దృష్టిలో పొడిగానే ఉంది."

మోటారే వేయనప్పుడు అసిరయ్య నేరమేమిటని బీ బ్లాకు సభ్యులిద్దరూ అడిగారు. అది లోతైన ప్రశ్న అని వరాహలమ్మ గారు ఒప్పుకుని, భోజనాల వేళ అవుతోంది కనక ఓటింగుకి వెళ్ళమన్నారు. నలుగురు తొలగించాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. మూడింట రెండొంతులు సరిగ్గా సరిపోయాయి. ఉద్యోగం పోయింది, దానితోపాటు మెట్ల కింద గదీ పోయింది. సభ ఆదివారానికి వాయిదా పడింది. ఆ రోజు సన్యాసినాయుడి బావమరిది తెచ్చే కొత్త వాచ్‌మన్‌ని ఖరారు చేస్తారట.

లింగమూర్తి గారు అసిరయ్య భుజం మీద చెయ్యి వేశారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "ఎంత చక్కగా నడిచిందయ్యా. ఒక్క మెట్టు కూడా తప్పలేదు. నాకు చాలా బాధగా ఉంది," అన్నారు. రెండూ నిజమే.

పైడమ్మ గిన్నెలూ బట్టలూ మూట కట్టింది. ఇద్దరు పిల్లలూ మెట్ల మీద కూర్చుని, రేపు బడికి పోవాలా వద్దా అని తల్లిని అడిగారు. అసిరయ్య వాళ్ళ పుస్తకాల సంచులు తెచ్చి మూట మీద పెట్టాడు.

మూట గేటు దగ్గరికి చేరేసరికి సన్యాసినాయుడు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. లెక్క ఆయనకి అప్పుడు తట్టింది. ఈ నలుగురూ వెళ్ళిపోతే సీ బ్లాకు మళ్ళీ పద్నాలుగు; కొత్తగా వచ్చేవాడు ఒంటిగాడు కనక వాణ్ణి కలిపినా పదిహేను కాదు, రెండో సీటు గల్లంతు.

"ఒరే అసిరయ్యా, తీసేసింది ఉద్యోగంలోంచే గానీ జనాభాలోంచి కాదు. ఎక్కడికీ పోకు," అని మూట లోపలికి లాగాడు.

ఈ సంగతి గ్రహించిన ఏ బ్లాకు సభ్యులిద్దరు ఎక్కడలేని దయతో, పాపం ఆలస్యమవుతోందంటూ ఆటో పిలిచి మూట బయటికి మోశారు. మూట కాసేపు గేటుకి అటూ ఇటూ తిరిగింది. పైడమ్మ వచ్చి దాన్ని లాక్కుని దాని మీదే కూర్చుంది.

ఈలోగా లింగమూర్తి గారి ఇంట్లో కుళాయి గుర్రుమంది. జనమంతా తోడేసుకోవడంతో మధ్యాహ్నానికే ట్యాంకు ఖాళీ. పొద్దున అసిరయ్య తెరిచింది తెరిచినట్టే ఉన్న మోటారు గదికి ఆయన ఒక్కరే వెళ్ళి మూడు వాల్వుల్నీ చూశారు. ఏది ముందో రాజ్యాంగంలో లేదు. స్విచ్చు నొక్కి ఒకటి తిప్పితే సెల్లార్‌లో నీళ్ళు చిమ్మాయి. తడిసిన పంచెతో ఇంటికెళ్ళి పుస్తకం తిరగేశారు. అరగంటకి ఒక కాగితంతో గేటు దగ్గరికి వచ్చారు.

"పై సభ ఇప్పుడు విరామంలో ఉంది. విరామంలో ఖాళీ అయిన పదవుల్ని అధ్యక్షుడు ఒక్కడే నింపొచ్చు. అసలు ప్రతిలోనే ఉంది. నిన్ను నియమిస్తున్నాను. బిల్లుల సంగతి సభ కూర్చున్నాక చూసుకుందాం."

"ఎన్నాళ్ళకి బాబూ?"

"సభ మళ్ళీ కూర్చుని లేచేదాకా."

"అంటే ఆదోరం దాకా."

లింగమూర్తి గారు కాగితం అతని చేతిలో పెట్టారు. అసిరయ్య మోటారు గదిలోకి వెళ్ళాడు. పైడమ్మ మూట గదిలో పెట్టింది గానీ విప్పలేదు. మూడు రోజులు అందులోంచే గిన్నె తీసి వండి, కడిగి, మళ్ళీ అందులోనే పెట్టింది.

ఆదివారం పది గంటలకి, డాబా మీద ఎండగా ఉందని పై సభ వాళ్ళతో సహా, సభ్యులంతా సెల్లార్‌లోకి దిగారు. అక్కడ ఒక్క కుర్చీ కూడా లేదు. హైమావతి బిడ్డకి ఆ రోజు బారసాల, రెండు సభల కుర్చీలూ బీ బ్లాకు డాబా మీద ఉన్నాయి. కాసేపు నిలబడ్డారు. అందరూ అరవై దాటినవాళ్ళే. మోకాళ్ళు లాగాయి. పైనుంచి గారెల వాసన వచ్చింది. ఒకరొకరుగా మెట్లెక్కారు. చివరికి సన్యాసినాయుడు కూడా ఎక్కాడు.

డాబా మీద అసిరయ్య విస్తళ్ళు వేస్తున్నాడు. లింగమూర్తి గారు పాయసం గ్లాసు పట్టుకుని అతని పక్కకి వచ్చారు.

"కుర్చీలు మళ్ళీ సెల్లార్‌లోకి ఎప్పుడు దింపుతావు?"

"మీరు సెప్పినట్టే బాబూ. సభ తీర్మానం సేసి ఇయ్యండి, ఎంటనే దింపీస్తాను. తీర్మానం నేకండా ఏ పనీ సెయ్యకూడదని తెలిసొచ్చింది."

"కుర్చీలు లేకుండా సభ ఎలా కూర్చుంటుందయ్యా?"

"అదే నానూ ఆలోసిస్తన్నాను బాబూ," అన్నాడు అసిరయ్య వినయంగా. "సభ కూకోకపోతే, నానింక విరామంలోనే గదా."

లింగమూర్తి గారు అతని మొహంలోకి చూశారు. దీనికి సమాధానం ఫిలడెల్ఫియాలో ఎవరూ రాసి పెట్టలేదు. ఆయన పాయసం తాగేసి, గ్లాసు ఇంకోసారి చాపారు.

ఆ తర్వాత కౌముది ఎన్‌క్లేవ్‌లో సభ జరగలేదు, నీళ్ళు ఆగలేదు. ఆ సాయంత్రం నాలుగింటికి మోటారు చప్పుడు విని, పైడమ్మ మూట ముడి విప్పి గిన్నెలు గూట్లో సర్దుకుంది.